పాటల రాత్రికి పెద్దవాళ్లెందుకు?



కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యం ఇంటికి చేరాక మన పల్లెల్లో కూటాల కాలం మొదలవుతుంది. ఏ ఊరి పొలిమేరలో చూసినా ఒక పందిరి, రెండు ట్యూబులైట్లు, చెట్టుకు కట్టిన మైకు. మూడు రోజుల కూటాల్లో చివరి రాత్రి పాటలకు వదిలిపెట్టడం చాలా సంఘాల్లో అలవాటు. వాక్యం వినడానికి రానివారు కూడా ఆ రాత్రికి వస్తారు. సరిగ్గా ఆ సాయంత్రమే ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న లేస్తుంది. ఇంటికి, గొడ్లకు కాపలా ఎవరు? జవాబు కోసం ఎవరూ వెతుక్కోరు. "తాతయ్య ఉంటాడుగా. ఆయనకేం వినబడుతుంది?"

ఈ మాట ఒకప్పుడు మేమూ అన్నాము. అందుకే ఈ నెల దీనిని గురించి వ్రాయాలనిపించింది.

1978 ఫిబ్రవరి. కాలువ అవతలి ఊళ్లో మూడు దినాల కూటాలు. ఆఖరి రాత్రి యోసేపు చరిత్ర బుర్రకథ. ఆ రోజుల్లో గుంటూరు సీమలో బుర్రకథ అంటే షేక్ నాజర్ గారి పేరే అందరి నోటా ఉండేది. ఆయన 1997లో కన్నుమూశారు, అంతకు ముందు 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన బాణీ చూసి మన సంఘాల్లోనూ తంబుర, గుమ్మెటలు పట్టి బైబిలు కథలు చెప్పే దళాలు బయలుదేరాయి. అటువంటి దళం ఒకటి వస్తున్నదని వారం ముందే మా ఊళ్లో తెలిసిపోయింది.

మా నాన్నగారికి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. వయసులో ఉన్నప్పుడు గుడిలో డోలక్ వాయించిన మనిషి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి గదా, ఎవరైనా వాటిని చూసుకోకుండా పాడితే ఊరుకునేవారు కాదు. అయ్యగారు పాడినా సరే, ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర పట్టుకుని చెప్పేవారు. ఆ ఏడు చలికి ఆయాసం పెరిగింది. బండి మీద కాలువ గట్టు దారి, పైగా మంచు. "వద్దు నాన్నగారూ, దగ్గు ఎక్కువవుతుంది. రేపు కథంతా మేము చెబుతాం గదా" అన్నాము. ఆయన "సరే, వెళ్లిరండి" అన్నారు.

ఒక సంగతి దాచకూడదు. ఆ మధ్యాహ్నం ఆయన మంగలిని పిలిపించుకుని గడ్డం గీయించుకున్నారు. ఉతికిన పంచె, ఉత్తరీయం మడతపెట్టి మంచం మీద పెట్టుకున్నారు. అది మేము చూశాము. చూసి కూడా చూడనట్టు బండి కట్టాము.

తిరిగి వచ్చేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. వసారాలో మంచం లేదు, మనిషి లేడు. గుండె ఝల్లుమన్నది. లాంతరు పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తితే, కాలువ గట్టు మీద తుమ్మచెట్టు దగ్గర నులక మంచం. దాని మీద దుప్పటి తలమీదుగా కప్పుకుని నాన్నగారు. మంచం మోసుకొచ్చిన పాలేరు కుర్రవాడు ఆయన పక్కనే నిద్రపోతున్నాడు. కాలువకు అవతలి ఊరి మైకు అక్కడికి వినబడుతుందని ఆయనకు తెలుసు, మాకు తట్టలేదు.

"గాలి తిరిగినప్పుడల్లా మాట పోయింది. తాళం మాత్రం పోలేదు" అన్నారు. ఎడమవైపు వంత తాళానికి ముందు పరుగెడుతున్నాడని తప్పు కూడా పట్టారు. నిజమే, మేము పందిట్లో ముందు వరుసలో కూర్చుని అది గమనించలేదు. తర్వాత ఒక్కటే అడిగారు. యోసేపు తన అన్నల యెదుట తాను ఎవరో చెప్పుకొనే చోట గాలి అటు తిరిగిపోయిందట. "అక్కడ కథకుడు ఏడ్చాడా, పాడాడా?" అని అడిగారు. పాడాడు అని చెప్పాము. "ఎట్లా పాడాడు?" అన్నారు. మేము పాడి చూపలేకపోయాము.

ఆ సంవత్సరం ఆగస్టులో నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. తర్వాతి ఫిబ్రవరిలో అదే దళం అదే ఊరికి వచ్చింది. మేము వెళ్లలేదు.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు మా వంతు వచ్చింది. మేమూ డెబ్బై దాటాము. రెండేళ్ల క్రితం క్రిస్మస్ ముందు మా పిల్లలు పట్నంలో పాటల సాయంత్రానికి కారు మాట్లాడుకున్నారు. మా అబ్బాయి దగ్గర కూర్చుని ఎంతో ప్రేమగా చెప్పాడు. "అక్కడ సౌండు ఎక్కువ, మీరు తట్టుకోలేరు. ఫోనులో లైవు వస్తుంది, పెట్టి వెళ్తాం, హాయిగా పడుకుని చూడండి" అన్నాడు. వాడి మాటల్లో తప్పు ఏమీ లేదు. ఆ మాటలు మేము ఎక్కడో విన్నామనుకున్నాము. విన్నది కాదు, అన్నది. అదే ప్రేమతో, అదే గొంతుతో.

ఫోనులో చూశాము. బాగానే కనబడింది. పందిట్లో కూర్చుంటే పాడేవారి మొహాలు అంత దగ్గరగా ఎన్నడూ కనబడవు. కాని పాట మధ్యలో ఆపి మంచినీళ్లు తాగవచ్చు అని తెలిసిన తర్వాత పాట మీద భయభక్తులు ఉండవు. పైగా మన పక్కన కూర్చుని అపశ్రుతిలో పాడేవారు ఎవరూ లేరు. అపశ్రుతి గురించి ఇన్నేళ్లు విసుక్కున్నాము గాని, అది లేకుండా కీర్తన సగమే ఉన్నట్టు తోచింది. అరగంటకు ఫోను ఆపేసి పడుకున్నాము.

ఆ రాత్రి రెండవ సమూయేలు పందొమ్మిదవ అధ్యాయం తీసి చదువుకున్నాము. గిలాదీయుడైన బర్జిల్లయి సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. దావీదు అబ్షాలోముకు భయపడి పారిపోయి మహనయీము చేరినప్పుడు పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, తేనె, వెన్న తెచ్చి ఆదుకున్నవారిలో ఇతడొకడు. యుద్ధం ముగిసి రాజు యెరూషలేముకు తిరిగి వెళ్లేటప్పుడు, నాతో రా, నా యొద్దనే ఉంచుకుని పోషిస్తాను అని ఇతనిని పిలిచాడు. బర్జిల్లయికి అప్పటికి ఎనభై ఏళ్లు. తనకిక తిండి రుచి తెలియదని, గాయకుల, గాయకురాండ్ర స్వరం వినబడదని, రాజుకు భారం కావడం ఎందుకని చెప్పి సెలవు పుచ్చుకున్నాడు.

ఈ వాక్యభాగం మీద వృద్ధాప్యం గురించి ప్రసంగాలు చాలా విన్నాము. ముసలివాడు తన హద్దు తెలుసుకున్నాడు, మనమూ తెలుసుకోవాలి అంటారు. అది సరే. అయితే ఆ అధ్యాయాన్ని మెల్లగా చదివితే మరి రెండు సంగతులు కనబడతాయి. మొదటిది, రాజు అతన్ని పిలిచాడు. నీకు ఎనభై ఏళ్లు గదా, నీకు పాటలెందుకు అని రాజు అనలేదు. రానని చెప్పింది బర్జిల్లయే. తనంతట తాను రానని చెప్పడం వేరు, ఇంట్లోవారు అతని తరపున చెప్పేయడం వేరు. రెండవది, రానని అన్న ఆ పెద్దమనిషి రాజుతో యొర్దాను వరకు వచ్చాడు. కింహామును అతని వెంట పంపాడు. రాజు అతన్ని ముద్దుపెట్టుకుని దీవించి పంపాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. బర్జిల్లయి తనకు వినబడదన్న సంగతి నోరు విప్పి చెప్పాడు. మన పెద్దవారిలో ఆ ధైర్యం తక్కువ. వినబడకపోయినా తల ఆడిస్తాము, నవ్వితే నవ్వుతాము, ఒక్కోసారి చావు కబురుకు కూడా నవ్వి అల్లరిపాలవుతాము. ఈ వ్రాసే మేమూ అందులో ఉన్నాము.

చెవి సంగతి కొంచెం తెలుసుకుంటే ఇళ్లల్లో తగవులు తగ్గుతాయి. వయసుతో వచ్చే చెవుడులో అన్ని శబ్దాలూ ఒకేసారి తగ్గవు. సన్నని హెచ్చుస్థాయి శబ్దాలు ముందు పోతాయి. అందువల్ల డోలక్ వినబడుతుంది గాని తాళాల గలగల మసకబారుతుంది. మగవారి గొంతు అందుతుంది గాని ఆడపిల్లల, చిన్నపిల్లల గొంతులోని మాట విడివడదు. సకారం, తకారం వంటి హల్లులు జారిపోయి, పాట ఉంటుంది గాని మాట ఉండదు. నలుగురు మాట్లాడుతున్న చోట అది మరీ కష్టం. ఇదంతా ఒక ఎత్తు, శబ్దం పెంచితే చెవి ఓర్చుకోలేకపోవడం మరొక ఎత్తు. మెల్లగా అంటే "ఏమిటీ?" అంటాము, గట్టిగా అంటే "ఎందుకు అరుస్తావు?" అంటాము. కోడళ్లు దీనిని ముసలితనపు సాధింపు అనుకుంటారు. కాదమ్మా, చెవి అలాగే తయారవుతుంది.

కాబట్టి పెద్దవారికి వినబడదు గదా అని పెట్టె శబ్దం పెంచడం వల్ల మేలు లేదు. ఈ పెద్ద పెట్టెలు పిల్లల చెవులకూ మంచివి కావు. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదని నిపుణులు చెబుతారు. అక్కడినుండి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గరకు వచ్చేసరికి 15 నిమిషాలే. పాటల రాత్రుల్లో ఆ పెట్టెల ముందు చాపలు పరిచి సండేస్కూలు పిల్లలను కూర్చోబెట్టేది మనమే.

పెద్దవయసులో పాట వినడం అనగానే మాకు హాండెల్ జ్ఞాపకం వస్తాడు. క్రిస్మస్‌కు, ఈస్టరుకు పట్నపు సంఘాల్లో పాడే హల్లెలూయా కోరస్ ఆయన స్వరపరచిన 'మెస్సయా'లోనిదే. మేము దానిని మొదట విన్నది 1971లో, ఒక పట్నపు చర్చిలో. ఆ కోరస్ మొదలు కాగానే అందరూ లేచి నిలబడ్డారు. అది అక్కడి ఆచారమని మాకు తెలియదు. ఆరాధన ముగిసిందనుకుని చెప్పుల కోసం వెతుక్కున్నాము.

హాండెల్ 1685లో పుట్టాడు. 'మెస్సయా'ను 1741లో ఇంచుమించు ఇరవై నాలుగు రోజుల్లో వ్రాశాడు. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్ నగరంలో దానిని మొదటిసారి పాడారు. జనం పట్టరని తెలిసి, వెడల్పుగా విచ్చుకొనే చట్రాల గౌనులతో స్త్రీలు రావద్దని, కత్తులు కట్టుకుని పురుషులు రావద్దని ముందే ప్రకటించారు. ఇంచుమించు 700 మంది ఇరుక్కుని కూర్చున్నారు. వచ్చిన డబ్బు రోగులకు, అప్పులు తీర్చలేక చెరసాలలో పడిన బీదలకు వెళ్లింది. ఆ డబ్బుతో 142 మంది అప్పులు తీరి విడుదల పొందారట. మన పాటల రాత్రి కానుకల లెక్కలు చూసే పెద్దలు ఈ సంగతి ఒక పక్కన వ్రాసి ఉంచుకుంటే మంచిది.

తర్వాత పదేళ్లకు ఆయనకు కళ్లు పోయాయి. వైద్యం చేయించినా చూపు రాలేదు. ఇంట్లో కూర్చున్నాడా? లేదు. చేయి పట్టి నడిపిస్తే వచ్చి ఆర్గను దగ్గర కూర్చుని వాయించేవాడు. 1759 ఏప్రిల్ 6న లండనులో 'మెస్సయా' పాడుతుంటే ఆయన అక్కడే ఉన్నాడు. అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. చూపు లేదు, ఒంట్లో శక్తి లేదు. ఎనిమిది రోజుల తర్వాత, ఏప్రిల్ 14న, మంచి శుక్రవారం మరునాడు కన్నుమూశాడు. ఆ సాయంత్రం ఆయనను ఎవరో చేయి పట్టి బండి ఎక్కించి ఉంటారు. మంచు పడుతుంది, మీకు పడదు అని చెప్పి ఉంటే ఆయన ఏమనేవాడో!

డెబ్బై నాలుగు అనగానే మాకు తుమ్మచెట్టు కింద మంచం కనబడుతుంది.

మా వరకు మేము వెనక్కి చూసుకుంటే నవ్వు వస్తుంది. పడుచు వయసులో పాటలకు వెళ్లింది పాటల కోసమేనా? స్నేహితుల కోసం, మిఠాయి కొట్టు కోసం, కొత్త బట్టల కోసం. మెదకు దేవాలయానికి క్రిస్మస్‌కు వెళ్లి ఆవరణలో గడ్డి మీద పడుకుని, తెల్లవారకముందు జరిగే మొదటి ఆరాధనకు లేచాము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ గొప్ప దేవాలయంలో ఏ పాట పాడారో జ్ఞాపకం లేదు, చలి మాత్రం జ్ఞాపకం ఉంది. తర్వాత ఒడిలో పిల్లలు. పాట ఎత్తుకోగానే వాడికి ఆకలి, అందుకోగానే వాడికి నిద్ర. ఆ పదేళ్లలో ఒక్క కీర్తన చివరి చరణం దాకా విన్నట్టు లేదు. ఆ తర్వాత కమిటీలో పడ్డాము. టీ గ్లాసులు లెక్కపెట్టడం, జనరేటరుకు డీజిలు, ప్రసంగీకుని బస్సు. పందిరి వెనుక నిలబడి ఇరవై ఏళ్లు పాటల రాత్రులు జరిపించాము. ఒక్కటీ వినలేదు.

ఏ పనీ లేకుండా, ఎవరికోసమూ చూడకుండా కూర్చుని వినే తీరిక ఇప్పుడు వచ్చింది. సరిగ్గా ఇప్పుడే చెవులు, మోకాళ్లు పని మానుకున్నాయి. దీనికి దేవునితో కొంచెం ఫిర్యాదు చేసిన మాట వాస్తవం.

అందుకే ఈసారి మా సంఘ పెద్దల కూటంలో నోరు విప్పి అడిగాము. అడిగింది పెద్ద సంగతులు కావు. కుర్చీలు పెట్టెల ఎదురుగా కాకుండా పందిరికి ఒక పక్కన, పాడేవారి మొహాలు కనబడేటట్టు వేయమన్నాము. పెదవులు కనబడితే మాట సగం అందుతుంది. మరుగుదొడ్డికి దారిలో ఒక లైటు అడిగాము. ఈ ఒక్క భయంతోనే సాయంత్రం నుండి మంచినీళ్లు ముట్టని తల్లులు ఎందరో ఉన్నారు, నోరు తెరిచి చెప్పరు. పెద్దవారిని ఇంటికి చేర్చడానికి తొమ్మిదిన్నరకు ఒక ఆటో. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఎలాగూ రాత్రి 10 దాటాక బయట మైకులు వాడకూడదు. కొన్ని పండుగ దినాలకు ప్రభుత్వం 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు గాని, మన పల్లె కూటాలకు ఆ అవసరం ఏమిటి? ఇక ఆఖరిది, మొదటి అరగంట పెట్టెలు ఆపి, హార్మోనియం, డోలక్, తాళాలతో పాత కీర్తనలు నెమ్మదిగా పాడించమన్నాము.

ఆఖరి దానికి యువకులు ముఖాలు చూసుకున్నారు. "పెట్టెలు ఆపితే జనం వెళ్లిపోతారండీ" అన్నాడు కీబోర్డు వాయించే అబ్బాయి. అరగంటే గదా, ఒక్కసారి చూద్దాం అన్నారు అయ్యగారు.

ఈ జనవరిలో ఆ అరగంట జరిగింది. జనం వెళ్లిపోలేదు. కొందరు పిల్లలు కాస్త అల్లరి చేశారు, అంతే. పురుషోత్తమ చౌధరి గారి కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. ఆయన 1803లో పుట్టి 1890 వరకు జీవించిన భక్తుడు. ఆయన కీర్తనలు మన తాతల తాతలనాటి నుండి పాడుతున్నవే. పల్లవి, రెండు చరణాలు పాడి యువకులు ఆగిపోయారు, వారికి వచ్చింది అంతవరకే. ఒక్క క్షణం హార్మోనియం ఒంటరిగా మోగింది. పక్క కుర్చీల్లోంచి ఎనభై దాటిన ఒక అవ్వ మూడవ చరణం అందుకుంది. పళ్లు లేవు, శ్రుతి కొంచెం తక్కువే. ఎదురుగా పుస్తకం కూడా లేదు. నాలుగవది, అయిదవది కూడా పాడింది. డోలక్ అబ్బాయి మొదట తడబడి, తర్వాత ఆమె నడకకు వేళ్లు నెమ్మది చేసుకున్నాడు. కీబోర్డు అబ్బాయి ఫోను తీసి ఆ చరణాలు రికార్డు చేసుకోవడం మేము చూశాము.

మాకు అన్ని మాటలూ వినబడలేదు, నిజం చెప్పుతున్నాము. ఆ చరణాలు మాకు కంఠతా వచ్చు గనుక వినబడని చోట మేమే నింపుకున్నాము. తొమ్మిదిన్నరకు ఆటో వచ్చింది. మోకాళ్లు రెండు రోజులు మాట వినలేదు, దానికి మా అబ్బాయి ఏమీ అనలేదు.

ఇంటికి రాగానే చిన్న మనుమడు అడిగాడు, ఎలా ఉంది అని. పెట్టెలు పెట్టిన తర్వాత డోలక్ తాళానికి ముందు పరుగెత్తిందని చెప్పాము. వాడు నవ్వి, "అది డోలక్ కాదు తాతయ్యా, మిషను" అన్నాడు.

వచ్చే సంవత్సరం కూటాలు ఫిబ్రవరి రెండవ వారంలో అనుకుంటున్నారు. కారులో ముందు సీటు మాకు ఉంచమని ఇంట్లో ఇప్పుడే చెప్పి పెట్టాము.